తిరగని మూడు గేర్లు

నాకు కోపం తొందరగా రాదు. వచ్చిందంటే మాత్రం పోదు. మూడో తరగతిలో నా చేతిలోని చెరుకు ముక్క లాక్కుని పరిగెత్తినవాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఊళ్లో ఎదురైతే నవ్వుతూ పలకరిస్తాడు. నేను పలకరించను. ఎందుకలా అని వాడి భార్య ఒకసారి మా అమ్మను అడిగిందట. "దానికి మరిసిపోయేది రాదు లేమ్మా, పుట్టినప్పట్నుంచీ అంతే" అని అమ్మ చెప్పిందట. అలాంటి మనిషి చెబుతున్న సంగతి ఇది. నాకు అన్యాయం జరిగిందని రాసిన చోట నన్ను నమ్మండి. నా తప్పేమీ లేదని రాసిన చోట కొంచెం ఆగి చదవండి.

తిరుపతి నుంచి రేణిగుంట వెళ్లే దారిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్‌లో చేరాను. తరగతిలో అరవై మందిమి, అందులో ఆడపిల్లలం ఐదుగురం. మొదటి సెమిస్టరులోనే యంత్రాల రూపకల్పన గురించి ఒక కోర్సు పెట్టారు. అందులో లెక్కలు లేవు, బట్టీ పట్టాల్సిన సూత్రాలు లేవు. సొంతంగా ఆలోచించి ఒక యంత్రాన్ని పెద్ద షీటు మీద గీయాలి. ఆ తర్వాత ఇంకొకటి గీయాలి. పాఠాలు చెప్పే సారు మా చిత్తూరు వైపు మనిషే. చొక్కా జేబులో ఎప్పుడూ ఆకుపచ్చ ఇంకు పెన్ను ఉండేది. చదువు చెప్పినవాళ్ల గురించి గౌరవంగా 'అన్నారు, వచ్చారు' అని రాయాలని నాకు తెలుసు. ఈ ఒక్క మనిషి విషయంలో నా చెయ్యి ఒప్పుకోదు.

మొదటి రోజు సారు తెర మీద ఒక పేజీ వేసి, హాజరు పిలిచే గొంతుతోనే చదివాడు. "మొదట పనిని చూడండి. తర్వాత ఆ పని చేసే మనిషి చేతుల్ని చూడండి. పది ఆలోచనలు గీయండి. తొమ్మిది పారేయండి." చదవడం అయిపోగానే తర్వాతి పేజీకి వెళ్లిపోయాడు. తను చదివింది ఎంత మంచి మాటో సారుకే తెలియదు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. పన్నెండేళ్ల చదువులో చేతుల్ని చూడమని చెప్పినవాళ్లు ఎవరూ లేరు. నా చేతిని చూసి, రాత బాగుంది, బోర్డు మీద తేదీ నువ్వే రాయి అన్నవాళ్లే అందరూ.

మొదటి పని, ఇంట్లో ఎవరో ఒకరు చేత్తో చేసే ఏదైనా పనికి ఒక యంత్రం గీయడం. చాలామంది కూరగాయలు తరిగే యంత్రం గీశారు. ఒకరిద్దరు చపాతీలు ఒత్తే యంత్రం గీశారు. అవన్నీ బజారులో దొరికేవే. నేను శనివారం బస్సెక్కి ఊరికి వెళ్లాను. మాది చిత్తూరు దగ్గర పల్లె, వాన మీద ఆధారపడిన మూడెకరాల చేను. వేరుశనగ చెట్లు పీకి కుప్పలు వేశారు, అమ్మ ఇంకో ముగ్గురు ఆడవాళ్లతో కూర్చుని కాయలు తెంపుతోంది.

నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. కాయ ఒక్కటి కూడా తెంపలేదు. అమ్మ చేతుల్ని చూస్తూ ఉండిపోయాను.

"ఏమే, కాలేజీకి పోయినాక సేతులు అరిగిపోతాయనా? సూస్తా కూసుంటే కాయలు రాలతాయా?"

"ఇది చదువు మా. సూడమని సారు సెప్పినాడు."

"సూసేదానికి గూడా కాలేజీ పెట్టినారా!" అని అమ్మ పక్కావిడ వైపు తిరిగి నవ్వింది.

చూస్తే కనిపించింది. కాయను చెట్టుకు కలుపుతూ సన్నటి తీగ ఉంటుంది. దాన్ని ఊడ అంటారు. అమ్మ కాయల గుత్తిని పట్టుకుని ఊరికే లాగదు. మణికట్టును సగం తిప్పుతుంది, అప్పుడు లాగుతుంది. ఆ సగం తిప్పు వల్ల ఊడ చెట్టుకే ఉండిపోయి కాయ ఒక్కటే చేతికొస్తుంది. పక్కావిడ తిప్పకుండా లాగుతోంది. ఆవిడ కుప్పలో సగం కాయలకు ఊడలున్నాయి, వాటిని మళ్లీ ఏరాలి. పుట్టినప్పటి నుంచీ ఆ పని చూస్తున్నాను, చేస్తున్నాను కూడా. నా మణికట్టూ అలాగే తిరుగుతుందని ఆ రోజే తెలిసింది. అమ్మను అడిగితే, "నేను తిప్పతా ఉండానా? యాడ తిప్పతా ఉండా?" అని తన చేతిని తనే చూసుకుంది.

ఆదివారం తిరిగి వచ్చి పది ఆలోచనలు గీశాను. నిజంగా పది. తొమ్మిది పారేశాను. మిగిలింది రెండు దువ్వెనల యంత్రం. కిందా పైనా ఇనప పళ్లున్న రెండు దువ్వెనలు, పైది కదలదు, కిందిది కాలితో తొక్కితే వేలెడు పక్కకు జరుగుతుంది. చెట్టును మధ్యలో పెట్టి లాగే క్షణంలో కింది దువ్వెన జరిగితే గుత్తి మెలి తిరుగుతుంది, ఊడ తెగుతుంది. అమ్మ మణికట్టును ఇనుములో పెట్టడమన్నమాట. అట్టతో చేస్తే నలిగిపోయింది. అప్పుడు నా రూమ్మేటు దువ్వెనలు రెండు తీసుకుని, ఊరి నుంచి తెచ్చిన చెట్లతో ప్రయత్నించాను.

నా రూమ్మేటు తడ దగ్గర పల్లె అమ్మాయి, మా తరగతే. వాళ్లింట్లో సగం తమిళం. గదిలోకి వచ్చి మంచం మీద మట్టీ, వేరుశనగ చెట్లూ, పళ్లూడిన తన దువ్వెనలూ చూసింది. "అయ్యో, ఏంది పా ఇది! రేపు నేను తలెట్ల దువ్వుకునేది?" అంది. అని, కింద కూర్చుని చెట్టు రెండో కొస తనే పట్టుకుంది. ఆ పూట ఇద్దరం కలిసి మిగిలిన పళ్లు కూడా విరగ్గొట్టాం. ఏడో చెట్టుకు మూడు కాయలు ఊడలు లేకుండా టపటపమని రాలాయి. ఇద్దరం అరిచిన అరుపుకు వార్డెన్ వచ్చింది.

షీటు మీద గీయడానికి నాలుగు రోజులు పట్టింది. పళ్ల మధ్య ఎంత సందు ఉండాలన్నదే నన్ను చంపేసింది. వాన తక్కువైన ఏడు కాయ చిన్నది, సందులో నుంచి జారిపోతుంది. వాన బాగా పడిన ఏడు కాయ లావు, చితికిపోతుంది. చెరిపి గీశాను, మళ్లీ చెరిపాను. ఐదోసారి ఒక చీల పెట్టి, సందును ఏ ఏటికా ఏడు మార్చుకునేలా చేశాను. అప్పటికి షీటు మధ్యలో కాగితం పలచబడి బొచ్చు లేచింది. చుట్టూ రబ్బరు మరకలు, వేలిముద్రలు. చూడ్డానికి వికారంగా ఉంది. నాకు మాత్రం అంత ఇష్టమైన వస్తువు అప్పటిదాకా లేదు.

ఇవ్వాల్సిన రోజుకు ముందు మధ్యాహ్నం, మా తరగతిలో మొదటి ర్యాంకు అబ్బాయి వచ్చాడు. "మే, ఒకసారి షీటు ఇయ్యి. బార్డరు కొలతలు సూసుకోని సాయంత్రం ఇచ్చేస్తా" అన్నాడు. ఇచ్చాను. అన్నట్టే సాయంత్రం తిరిగిచ్చాడు. మా హాస్టళ్లలో ఒక అలవాటుంది, బయటివాళ్లకు చెప్పాలి. ఎండ వచ్చే కిటికీ అద్దానికి అసలు షీటును అంటించి, దాని మీద తెల్ల షీటు అంటిస్తారు. వెలుతురుకు కింది గీతలన్నీ పైకి కనిపిస్తాయి. ఉన్నది ఉన్నట్టు దించుకోవచ్చు. అరగంట పని. అలా దించిన బొమ్మ అసలు దానికంటే ఎప్పుడూ అందంగా ఉంటుంది. దించేవాడు ఆలోచించడు కాబట్టి చెరపాల్సిన అవసరం ఉండదు.

మరునాడు తరగతిలో సారు రెండు షీట్లను పక్కపక్కనే పెట్టుకున్నాడు. ఒకటి తళతళలాడుతోంది. ఒకటి నాది.

"ఏమ్మా, యాడ సూసి దించినావు?"

"నేనే గీసినాను సార్."

"దించేది కూడా నీట్‌గా రాదా నీకు? సూడు, అబ్బాయిది ఎంత శుభ్రంగా ఉండాది. నీది సూస్తే తెలీదా, కొలత అర్థం గాక ఎన్నిసార్లు తుడిసినావో."

ఆకుపచ్చ ఇంకుతో నా షీటు మీద అడ్డంగా 'కాపీ' అని రాశాడు. ఆ అబ్బాయి షీటు మీద సంతకం పెట్టి, నోటీసు బోర్డుకు అంటించమన్నాడు. నేను ఆ అబ్బాయి వైపు చూశాను. వాడు బూటు లేసు కట్టుకుంటున్నాడు. తరగతి వైపు చూశాను. ఆ షీటు ఎవరిదో వాళ్లలో సగం మందికి తెలుసు. ఆ నాలుగు రోజులూ నా చేతి మరకలు చూసి వెక్కిరించినవాళ్లే. ఒక్కరూ నోరెత్తలేదు. రూమ్మేటు మాత్రం లేచి, "సార్, అది ఆమెదే సార్" అంది. "నువ్వు కూర్సోమ్మా, నిన్నెవురూ అడగలేదు" అన్నాడు సారు.

తల కొట్టేసినట్లయింది. ఏడుపు రాలేదు, దానికే భయమేసింది. బయట ఆ అబ్బాయిని పట్టుకుని అడిగితే నీళ్లు నమిలాడు. "సారు అట్ల అనుకుంటాడని నాకేం తెలుసు? ఇప్పుడు పోయి సెప్తే ఇద్దరికీ సున్నా ఏస్తాడు. వదిలెయ్ మే. ఇంకో షీటు ఉండాది గదా" అన్నాడు.

అవును, ఇంకో షీటు ఉంది. ఆ మాట వాడు అనకపోయి ఉంటే నాకు తోచేది కాదేమో.

నేను గీసింది నాదేనని ఆ మనిషి చేత ఒప్పించాలి. అంతకు మించి నాకు ఆ కాలేజీలో కావలసింది లేదు. దానికి ముందు ఆ అరవై మందికీ బుద్ధి చెప్పాలి. పళ్లు తోముకుంటూ అదే ఆలోచన, అన్నం తింటూ అదే ఆలోచన. అంత శ్రద్ధగా నేను మళ్లీ ఏ పరీక్షకూ చదవలేదు.

రెండో షీటుకు ఇచ్చిన పని, ఒకే పిడి తిప్పితే మూడు చక్రాలు తిరిగే అమరిక గీయడం. గేర్లంటే పళ్లున్న చక్రాలు. ఒకదాని పళ్లలో ఇంకొకదాని పళ్లు పడితే, ఒకటి కుడికి తిరుగుతుంటే రెండోది ఎడమకు తిరుగుతుంది. మూడోదాన్ని రెండోదానికి తగిలిస్తే అది మళ్లీ కుడికి తిరుగుతుంది. మూడింటినీ వరసలో పెడితే ఏ ఇబ్బందీ లేదు. కానీ మూడింటినీ మూడు పొయ్యిరాళ్లలా పెట్టి, ప్రతిదీ మిగతా రెండింటికీ తగిలేలా చేస్తే? మొదటిదీ మూడోదీ రెండూ కుడికే తిరగాలనుకుంటాయి. ఒకదానికొకటి తగిలి ఉన్నవి రెండూ ఒకే వైపు తిరగలేవు. అంతే, బిగుసుకుపోతాయి. ఏనుగును తెచ్చి తిప్పించినా కదలవు. కాగితం మీద మాత్రం చాలా అందంగా ఉంటాయి.

అది గీశాను. ఒక్క చెరుపు లేకుండా గీశాను. గోళ్లు కత్తిరించుకుని, చేతులు కడుక్కుని, నల్ల ఇంకుతో ప్రతి పన్నూ దిద్దాను. పిడికి నీడ కూడా వేశాను. అంత శుభ్రమైన షీటు నేను అప్పటిదాకా గీయలేదు. దాని ఫోటో తీసి తరగతి గ్రూపులో పెట్టి, "ఎవరికైనా పనికొస్తే చూసుకోండి" అని రాశాను. నా మనసు వెన్న అని ముగ్గురు మెచ్చుకున్నారు. మొదటి ర్యాంకు అబ్బాయి దండాలు పెట్టే బొమ్మ పంపి, ఫోటోలో కొలతలు సరిగ్గా రావు, అసలు షీటే కావాలన్నాడు. నవ్వుతూ తీసుకెళ్లి ఇచ్చాను. మరునాడు మధ్యాహ్నం కాలేజీకి వెళ్తూ అబ్బాయిల హాస్టలు వైపు చూస్తే, ఎండ పడే ప్రతి కిటికీకీ నా మూడు గేర్లు అంటించి ఉన్నాయి. పెళ్లివారింటికి తోరణాలు కట్టినట్టుంది. రోడ్డు మీదే నిలబడి కడుపారా చూసుకున్నాను.

రూమ్మేటు ఆ వారం జ్వరంతో ఇంటికి వెళ్లి, ఇవ్వడానికి ముందు రోజు వచ్చింది. గ్రూపులో ఫోటో చూసింది. చాలాసేపు చూసింది. "ఇది తిరుగుతుందా పా?" అని అడిగింది. "ఇది ఈ పక్కకి పోతే, అది ఆ పక్కకి పోవాల గదా... నాకు ఎట్లనో అర్థం కాలే."

అరవై మందిలో ఆ ప్రశ్న అడిగింది తనొక్కతే. నిజం చెప్తే ఎవరికో చెప్తుంది, వాళ్లు ఇంకెవరికో చెప్తారు, నా పథకం మట్టికొట్టుకుపోతుందని భయపడ్డాను.

"తిరుగుతాది. గీసెయ్" అన్నాను.

గీసింది. అప్పటికింకా జ్వరం పూర్తిగా తగ్గలేదు, కుర్చీలో కూర్చోలేక గోడకు ఆనుకుని గీసింది.

నేను మాత్రం మూడు గేర్లు వరసగా పెట్టిన వేరే షీటు గీసి, రబ్బరు మరకలను మరకల్లాగే వదిలేశాను. తర్వాత తిరుపతిలో బస్టాండు దగ్గర స్టూళ్లు చేసే వడ్రంగి దగ్గరికి వెళ్లి, చెక్కతో పళ్లున్న చక్రాలు మూడు, వాటిలో ఒకదానికి పిడి, ఒక పలక చేయించాను. పలకకు రెండు వైపులా మేకులు కొట్టాలి. ఒక వైపు వరసలో, రెండో వైపు మూడు పొయ్యిరాళ్లలా. ఆయన పెన్సిలు చెవి మీద నుంచి తీసి గుర్తులు పెడుతూ ఆగాడు. "ఈ పక్క తిరగవు పాపా. ఇరుక్కుంటాయి" అన్నాడు. అవి ఇరుక్కోవడమే నాకు కావాలన్నాను. వింతగా చూసి కొట్టిచ్చాడు.

షీట్లు దిద్దే రోజు నేను అందరికంటే చివర నిలబడ్డాను. సారు స్కేలుతో బార్డరు కొలవడం, ఆకుపచ్చ సంతకం పెట్టడం, పక్కన పెట్టడం. అరవై షీట్లు గంటలో అయిపోవస్తున్నాయి. 'బాగుంది' అని కొన్నింటి మీద రాశాడు కూడా. నా వంతు వచ్చింది.

"ఇదేంది? అందరిదీ ఒక మాదిరి ఉంటే నీదొక్కటే ఇట్ల ఉండాది?" అన్నాడు. మరకల వైపు చూశాడు. "యాడ సూసి దించినావు?"

ఆ మాట మళ్లీ అంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. దేవుడే అనిపించాడనుకున్నాను.

"అందరూ గీసింది చెక్కతో చేసి తెచ్చినాను సార్. ఒకసారి తిప్పుతారా?" అని పలకను బల్ల మీద పెట్టాను. మూడు చక్రాలూ ఒకదానికొకటి తగిలేలా బిగించి, పిడి సారు వైపు తిప్పి ఉంచాను.

సారు తిప్పాడు. కదల్లేదు. ఎదురు వైపుకు తిప్పాడు. కదల్లేదు. తరగతిలో ఎవరో కిసుక్కుమన్నారు. సారు చెవులు ఎర్రబడ్డాయి. పలకను ఎడం చేత్తో అదిమిపెట్టి బలమంతా పెట్టాడు. టప్పున పన్ను ఒకటి విరిగి ముందు వరసలో పడింది.

"తిరగవు సార్" అన్నాను. "ఎవురు తిప్పినా తిరగవు. ఇది కుడికి, అది ఎడమకి, మరి మూడోది యాడికి పోవాల సార్?" పలకను తిరగేసి, చక్రాలను వరసలో పెట్టి, విరిగిన పన్ను ఉన్నదాన్ని చివర పెట్టి తిప్పాను. గలగలమని తిరిగాయి. "నా షీటులో ఉండేది ఇది."

సారు సంతకాలు పెట్టిన కట్టను మళ్లీ ముందుకు లాక్కున్నాడు. ఒక్కొక్క షీటునూ, ఈసారి నిజంగా, చూశాడు. ఒక్కొక్క సంతకాన్నీ కొట్టేశాడు. మొదటి ర్యాంకు అబ్బాయిని లేపి, ఇది ఎలా తిరుగుతుందో చెప్పమన్నాడు. వాడు వంగి మళ్లీ బూటు లేసు సర్దుకున్నాడు. వాడి మొహం మాడిపోయిన దోసెలా ఉంది. ఆ మొహం నేను ఇప్పటికీ తలుచుకుంటాను. దిగులుగా ఉన్న రోజున తలుచుకుంటే బాగుంటుంది.

రూమ్మేటు షీటు మీద సంతకం కొట్టేసేటప్పుడు నేను వేరే వైపు చూశాను. గదికి వచ్చాక తను తిట్టలేదు, ఏడవలేదు. "నేను నిన్ను అడిగినాను గదా" అంది. అంతే. ఆ సంవత్సరమంతా నీళ్లొచ్చాయా, తాళం ఎక్కడుంది, ఇలాంటి మాటలే మాట్లాడింది. అడిగినప్పుడు చెప్పాల్సిందని నాకు అనిపించింది. అనిపించినా క్షమాపణ అడగలేదు. గెలిచిన మనిషిని కదా, కళ్లు నెత్తికెక్కి ఉన్నాయి.

రెండు రోజులకు సారు స్టాఫ్ రూముకు పిలిచాడు. తిడతాడనే సిద్ధపడి వెళ్లాను.

"కూర్సోమ్మా" అన్నాడు. నేను కూర్చోలేదు.

"కావాల్నే తప్పు బొమ్మ గీసి అందరికీ ఇచ్చినావు గదా?"

"అవును సార్."

"ఎందుకు?"

"మొదటి షీటు నాది సార్. కాపీ అని రాసినారు."

సారు పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. "నిజం సెప్తా. ఆ బొమ్మ నేను సూడ్లేదు. ఎవురిదీ సూడను. బార్డరు సూస్తా, పేరు సూస్తా, మరకలుండాయా లేదా సూస్తా. నాలుగు సెక్షన్లమ్మా నాకు. రెండూ ఒకే మాదిరి కనపడినాయి. నీట్‌గా ఉండేదే అసలుదనుకున్నా."

అన్ని రోజులూ నేను మనసులో ఒక మనిషితో వాదిస్తూ వచ్చాను. నా రెండు దువ్వెనలను చూసి, పళ్ల సందును చూసి, ఇది ఈ పిల్ల వల్ల కాదని తేల్చిన మనిషితో. అలాంటి మనిషే లేడు. నా యంత్రంలో తప్పు పట్టి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు. చూడనేలేదు.

"ఇప్పుడు తీసుకురా" అన్నాడు సారు. గొంతు తగ్గించి, నిజంగానే అడిగాడు. "కూర్సోని సూస్తా. బాగుంటే మన వర్క్‌షాపులో ఇనుముతోనే సేయిద్దాం. పేరు నీదే పెడదాం."

నేను వినాలనుకున్న మాట అదే. సరిగ్గా ఆ మాటే, ఆ నోటి నుంచే. షీటు నా గదిలో అలమారా మీద గొట్టంలో భద్రంగా ఉంది. వెళ్లి తేవడానికి పది నిమిషాలు. నోటీసు బోర్డు మీది నకలును ఆ అబ్బాయి గేర్ల రోజు సాయంత్రమే పీకి చించేశాడు.

"లేదు సార్. సించేసినాను" అన్నాను.

సారు ముఖం వాడిపోయింది. నాకు కడుపులో చల్లగా అనిపించింది. గేర్లు బిగుసుకున్న రోజు కూడా అంత చల్లగా లేదు. తర్వాత వర్క్‌షాపు గుమ్మంలో ఒకసారి ఆపి, "మళ్లీ గీయరాదామ్మా, తలలో ఉంటాది గదా" అన్నాడు. గుర్తులేదన్నాను. పరీక్షలయ్యాక వరండాలో ఇంకొకసారి అడిగాడు. అప్పుడూ అదే చెప్పాను. అడిగిన ప్రతిసారీ ఆ మనిషి కొంచెం చిన్నవాడైనట్టు కనిపించేది. ఇంకోసారి అడిగితే బాగుండునని ఎదురుచూసేదాన్ని. మళ్లీ అడగలేదు.

ఇప్పుడు నేను సత్యవేడు దగ్గర ఒక ఫ్యాక్టరీలో డిజైన్ విభాగంలో పనిచేస్తున్నాను. కార్ల లోపల పెట్టే ప్లాస్టిక్ భాగాలకు బిగింపులు గీస్తాను. కొత్తగా చేరినవాళ్లు ఏదైనా తెస్తే, "ఎన్నిసార్లు మార్చినావు?" అని మొదట అడుగుతాను. ఒక్కసారి కూడా మార్చలేదని గర్వంగా చెప్పినవాళ్లను నమ్మను. నాకు పేరుంది, కఠినమైన మనిషినని. ఉండనీ.

గేర్ల గొడవ జరిగిన మరుసటి ఏడు, ఇంకా కాలేజీలో ఉండగానే, కాయలు తెంపే రోజుల్లో ఊరికి వెళ్లాను. ఈసారి ఊరికే కూర్చోలేదు, అమ్మ పక్కన కూర్చుని చెట్టు అందుకున్నాను. కొంతసేపటికి అమ్మే అడిగింది.

"ఏమే, నా సేతులు సూసి ఏందో మిషను గీస్తా ఉంటివే. అది యాడికొచ్చింది?"

"సారు ఒప్పుకోలేదు మా."

"ఎందుకంట?"

"కాపీ కొట్టినానన్నాడు."

అమ్మ చేతులు ఆగిపోయాయి. "నా సేతులు సూసి గీసింది కాపీ ఎట్లయితాది? వాని కండ్లు పొయ్యినాయా? వాని సెయ్యి పడిపోను! ఆడబిడ్డ కష్టపడి గీసుకుంటే నోటికాడ కూడు లాగేసినట్టు..." పక్కనున్న ఆడవాళ్లు కూడా అందుకున్నారు. ఎవరికి వచ్చిన తిట్టు వాళ్లు తిట్టారు. నాయన గట్టు మీద నుంచి ఏమైందని కేకేస్తే, ఆయనకు కూడా చెప్పి, ఆయన చేత కూడా తిట్టించింది.

తర్వాత సారు పిలిచాడని, కూర్చుని చూస్తానన్నాడని, ఇనుముతో చేయిద్దాం, పేరు నీదే పెడదామన్నాడని, మూడుసార్లు అడిగాడని నేను చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అమ్మ అప్పటికే మళ్లీ చెట్టు అందుకుంది.

సాయంత్రం దాకా తెంపుతూనే ఉంది, తిడుతూనే ఉంది. మణికట్టు నొప్పి పుట్టినప్పుడల్లా చెయ్యి ఒకసారి విదిలించి, "ఆ పాపిష్టోడు ఒప్పుకునింటే ఈ యేడు నాకీ నొప్పి తప్పేది" అనేది. నేను తల వంచుకుని కాయలు తెంపాను. ఆ తిట్లలో సారుకు చెందింది ఒక్కటి కూడా లేదు.